ప్లగ్ పీకొద్దు

"సెలోమ్ చేసిన తప్పు నువ్వు చెయ్యకు. ప్లగ్ మాత్రం పీకొద్దు," అన్నాడు చీఫ్ రేడియోలో.

ఏజెంట్ జిఫా రేడియోని గంప అడుగున దాచింది. మూడేళ్ళ క్రితం, 1995లో, ఇదే రేడియోలో తోటి ఏజెంట్ సెలోమ్ ఆఖరి మాట విన్నది తనే. "పీకేస్తున్నా చెల్లీ, అంతే!" ఆ వెంటనే నీళ్ళ హోరు. ఇప్పటికీ కుళాయి తిప్పితే ఆమెకు ఆ గొంతే వినబడుతుంది.

నెత్తిన కెంకే అనే మొక్కజొన్న ముద్దల గంపతో ఆనకట్ట కంట్రోల్ రూములోకి అడుగుపెట్టింది. ముసలి ఆపరేటర్ ఆగ్బెకో తలెత్తాడు.

"షిటో కారం ఉందా?"

"నిన్నటిది."

కోడ్ కలిసింది.

బల్ల మీద పాత కంప్యూటర్. ప్రింటర్ పోర్టు నుంచి ఎనిమిది తీగలు ఒక పెట్టెలోకి, అక్కణ్ణుంచి ఎనిమిది తూములకు. తీగలో కరెంటు ఉంటే తూము లేస్తుంది, లేకపోతే దిగుతుంది. సరిహద్దు అవతలి ముఠా అందులో దొంగ ప్రోగ్రాం ఎక్కించింది. నిమిషానికొక ఎర్రదీపం, అంటే నిమిషానికొక తూము పైకి. అప్పటికే మూడు వెలిగాయి. గడియారం మూడూ యాభై ఐదు. రోజూ నాలుగింటికి ఊళ్ళో కరెంటు పోతుంది. సూర్యుడు తప్పినా అది తప్పదు.

దిగువన మలుపు దగ్గర పదకొండు మంది పిల్లలతో బడి పడవ. అందులో తన కూతురు యాయ్రా. పొద్దున ఒళ్ళు వెచ్చగా ఉందంటే మందు వేసి మరీ పంపింది. పంపకపోతే ఏం పోయేది?

గుప్పుమని సెంటు వాసన. తమ అక్రా హెడ్డాఫీసు ఏజెంట్ డెలా వచ్చింది, బంగారు జూకాలతో, ఎత్తు మడమల చెప్పులతో.

"ఏంటక్కా చూస్తూ నిలబడ్డావ్? ప్లగ్ పీకెయ్!"

ఆగ్బెకో అప్పుడే వంగాడు. ఈ ఊళ్ళో రేడియో గురగురలాడినా, ఫ్రిజ్ మూలిగినా ముందు ప్లగ్ పీకుతారు. ఆలోచన తర్వాత.

"తాతా, ఆగు!" అంది జిఫా.

"కరెంటు లేకపోతే అన్నీ ఆగుతాయి కదమ్మా?"

"జనరేటర్ దానంతటదే అందుకుంటుంది. మిషను మళ్ళీ లేస్తూనే ఎనిమిది తీగల్లోనూ కరెంటు పారుతుంది. ఆపబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. సెలోమన్న అలాగే పోయాడు." జిఫా డెలా వైపు తిరిగింది. "అన్నకీ పీకమని చెప్పింది నువ్వేనని ఇన్నాళ్ళకి తెలిసింది, ముఠా మనిషివని కూడా."

డెలా నవ్వింది. "మీవాళ్ళు కీబోర్డు ముట్టరక్కా. ప్లగ్గే పీకుతారు."

అంటూనే ప్లగ్ మీదికి దూకింది. ఆగ్బెకో గంపలోంచి షిటో కారం గిన్నె ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. కళ్ళు మూసుకుని కేకలు పెడుతూ కూలబడింది.

మిషను మళ్ళీ లేస్తేనే పాస్‌వర్డ్; ఎవరూ ముట్టరన్న ధీమాతో, నడుస్తున్నప్పుడు ముఠా కీబోర్డుకు తాళం వెయ్యలేదు. జిఫా కంట్రోల్, బ్రేక్ నొక్కింది. ప్రోగ్రాం ఆగింది. దీపాలు ఆరలేదు. ఏడు. తీగలు చివరగా విన్న మాటనే పట్టుకుని వేలాడుతున్నాయి.

చెవిలో సెలోమ్ గొంతు, ఎప్పుడో నేర్పిన పాఠం: "888 ఆ పోర్టు ఇంటి నంబరు చెల్లీ. తలుపు తట్టి సున్నా అని చెప్పు."

జిఫా టైపు చేసింది. అవుట్ 888, 0. ఎంటర్.

ఏడు దీపాలూ ఒక్కసారే ఆరాయి. తూములు మూలుగుతూ దిగాయి. కింద పడవ ఒక అలెక్కి, ఊగి, ఒడ్డు పట్టింది. దిగిన తలల్ని జిఫా మూడుసార్లు లెక్కపెట్టింది. పదకొండు. మూడుసార్లూ పదకొండే. హోరు ఆగింది. సెలోమ్ గొంతు మాత్రం ఆగలేదు.

మిషను మళ్ళీ లేచినా తూములు కదలకుండా ఆగ్బెకో ఆనకట్ట మీదికి పరుగెత్తి, మోటార్ల ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని రొప్పుతూ వచ్చాడు. అప్పుడు పోయింది కరెంటు.

నాలుగూ ఆరు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆలస్యం చేసినందుకు జిఫా కరెంటాఫీసుకు దండం పెట్టింది.