నాలుగో బొత్తాం

ఆ ఇంట్లో పొద్దున్నే టీ గ్లాసుల మధ్య ఒక తలకాయ ఉండటం కొత్తేమీ కాదు. కోడలి వృత్తే అది. సినిమాల్లోని పాత్రలను మూరెడు ఎత్తు బొమ్మలుగా చేస్తుంది. వాటిని అద్దాల బీరువాల్లో పెట్టుకుని మురిసిపోయే అభిమానులు ఊరూరా ఉన్నారు. వీధిలో ఆమె పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ బొమ్మలమ్మే.

ఈసారి తలకాయ సరంగుది. ముప్పయ్యేళ్ళ కిందటి సినిమాలో తుఫానులోకి ఒంటరిగా పడవ నడిపిన సరంగు. నల్లటి పొడుగు కోటు, దానికి ఆరు ఇత్తడి బొత్తాలు. ఎనిమిది నెలలు ఆమె లోకం ఆ కోటే. మొదటి పది బొమ్మలూ అభిమానుల చేతికి వెళ్ళి రెండు వారాలైంది. మిగతావి అచ్చుపోయాలంటే ఆమెకు పని ఇచ్చే బొమ్మల కంపెనీ సరేననాలి.

"ఇవాళ ఏమంటున్నాడు మీ మహానుభావుడు?" కళ్ళజోళ్ళ షాపుకు బయలుదేరబోతూ అడిగాడు భర్త.

మహానుభావుడంటే కొలబద్ద. అభిమానులంతా చేరి మాట్లాడుకునే సైటులో ఎవరో పెట్టుకున్న మారుపేరు. అక్కడ సినిమాలోని దృశ్యాన్నీ బొమ్మ ఫోటోనూ పక్కపక్కన పెట్టి, తెరమీద ఉన్నది ఉన్నట్టు చేశారా లేదా అని జుట్లు పట్టుకుంటారు. కనుబొమ వెంట్రుకవాసి పైకుంటే చాలు, మూడు రోజుల యుద్ధం. కొలబద్ద మాత్రం అరవడు. నెమ్మదిగా, గురి తప్పకుండా పొడుస్తాడు.

రెండు వారాల కిందట అతను రాసింది ఆమెకు కంఠతా వచ్చు. 'ముఖం పదికి పది. చేతులు పదికి పది. కోటు పదికి సున్నా. నాలుగో బొత్తాం ఎర్రదారంతో కుట్టి ఉంటుంది. సరంగు గుండె మీద చెయ్యి వేసుకున్నప్పుడు స్పష్టంగా కనపడుతుంది. బొమ్మలో అన్నీ నల్లదారాలే. వీడు సరంగు కాదు, సరంగు కోటు తొడుక్కున్న ఇంకెవడో.'

దాని కింద రెండు వందల జవాబులు. ఎర్రదారం సరంగు చనిపోయిన భార్యకు గుర్తని ఒకడు. డైరెక్టరు దాచిపెట్టిన గొప్ప రహస్యమని నాలుగు పేజీలు రాసిన ఇంకొకడు. అదంతా ఏమీ కాదు, షూటింగులో పొరపాటు, పొరపాటును కూడా బొమ్మ చేయాలా అని కోడలి పక్షాన నిలబడ్డ నలుగురైదుగురు. గొడవ ముదిరి కంపెనీ దాకా పోయింది. ఇవాళ సాయంత్రంలోగా తేల్చకపోతే మిగతా సరంగులతో పాటు తర్వాతి రెండు సినిమాల బొమ్మలూ వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని నిన్న ఫోను చేసి చెప్పారు. పదిహేనేళ్ళుగా నిలబెట్టుకున్న పేరు ఒక బొత్తాం దగ్గర ఊగిసలాడుతోంది.

కోడలు ఫోను తెరిచింది. కొలబద్ద కొత్తగా రాశాడు. 'కాలరు కింద రెండు కుట్టువరసలు ఉండాలి. మైనంలో చేసినప్పుడు రెండూ ఉన్నాయి. రంగు వేసేటప్పుడు ఒకటి పూడిపోయింది.'

ఆమె ఆ మాటలు మళ్ళీ చదివింది. అచ్చు కోసం మొదట చెక్కిన మైనం బొమ్మ ఈ ఇంటి గడప దాటలేదు. దాన్ని ఫోటో కూడా తీయలేదు.

"ఏవండీ, మైనం బొమ్మని ఎవరెవరు చూశారు?"

"నేను చూశాను. అమ్మ చూసింది. కిటికీలోంచి పక్కింటి పిల్లి చూసుండొచ్చు," అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఏమైందని కూడా అడగలేదు. మెడలో వేసుకున్న సంచీని తీసి మళ్ళీ వేసుకున్నాడు.

ఆమె అతని వంకే చూస్తూ సైటులో రెండు ముక్కలు రాసింది. 'మీరెవరు?'

పక్కగదిలో అత్తగారి కుట్టుమిషను గడగడమంటోంది. దాని మీది ఫోను టింగుమంది. మిషను ఆగింది.

కోడలికి నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ రాసింది. 'దయచేసి జవాబివ్వండి.'

టింగ్.

ఆమె లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, ఫోను రెండు చేతులా పట్టుకుని, అత్తగారు తలెత్తి చూసింది. దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు.

"మీరా అత్తయ్యా?"

"నేనే."

"నిన్న నేను ఏడుస్తుంటే నా తల నిమిరారు. అన్నం తినకపోతే కలిపి ముద్దలు పెట్టారు. ఆ చేత్తోనే లోపలికొచ్చి ఇది రాశారా?" కోడలు చేతిలోని ఫోను ఆమె వైపు తిప్పింది. "ఊళ్ళోవాళ్ళు ఎన్నన్నా పడేదాన్ని. వాడెవడో పరాయివాడు అనుకుని పద్నాలుగు రోజులు గడిపాను. మన ఇంట్లోనే కూర్చుని, నేను పెట్టిన టీ తాగుతూ..."

భర్త వెనకనుంచి వచ్చి, "అది కాదే, అమ్మకి ఊసుపోవడం లేదంటే నేనే ఆ సైటులో పేరు పెట్టిచ్చాను. సరదాగా సినిమా కబుర్లు చెప్పుకుంటుందనుకున్నా," అన్నాడు.

ఆమె చివ్వున తిరిగింది. "అంటే మీకు తెలుసు! రోజూ పొద్దున్నే మహానుభావుడు ఏమన్నాడని నన్నే అడిగారు. నేను చదివి వినిపిస్తే అయ్యో పాపం అన్నారు!"

"మీ ఇద్దరిలో ఎవరితో చెప్పినా ఇంకొకళ్ళు..."

"చాలు. షాపుకెళ్ళండి."

అతను వెళ్ళలేదు. అలాగని లోపలికీ రాలేదు. గోడకు మేకు కొట్టినట్టు అక్కడే ఉండిపోయాడు.

అత్తగారు మిషను సొరుగు లాగి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. కోడలు కంపెనీకి పంపిన వివరాల నకలు అది. తప్పు పడిందని కోడలే చెత్తబుట్టలో పారేసినది. పెద్దావిడ దాన్ని మోకాలి మీద సాఫుచేసి, తడబడకుండా చదివింది.

"'నాలుగో బొత్తానికి ఎర్రదారం. షూటింగులో కుట్టుమనిషి చేసిన పొరపాటు. బొమ్మలో సరిచేశాను.' ఎవరమ్మాయ్ ఆ కుట్టుమనిషి?"

కోడలు ఆ కాగితం వంక చూసింది.

ఆమెకు తెలుసు. ఆ ఇంటికి వచ్చిన మొదటి ఏడాది, జోరువానలో కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం, ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని ఆ సినిమా చూశారు. సరంగు గుండె మీద చెయ్యి వేసుకోగానే అత్తగారు సినిమాను ఆపి, చిన్నపిల్లలా వేలు పెట్టి చూపించింది. ఆ సినిమాకు బట్టలు కుట్టింది తనేనట. తుఫాను సీను తీస్తుంటే నీళ్ళ ధాటికి బొత్తాం ఊడిపోయింది. దారాల పెట్టె అవతలి ఒడ్డున ఉంది. వెలుతురు పోతోందని డైరెక్టరు నిప్పులు చెరుగుతున్నాడు. తను కట్టుకున్న బట్ట అంచులోంచి ఎర్రదారం లాగి, రెండు పోగులు పేని, కోటు నటుడి ఒంటి మీద ఉండగానే కుట్టేసింది. ఎవరితోనూ అనకే, దానికేదో గొప్ప అర్థం ఉందనుకుంటున్నారు, అలాగే అనుకోనీ అని అత్తగారు అంటే ఆ రోజు ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

"ఆ సినిమా చివర ఎనభై మంది పేర్లు వేశారు. భోజనాలు మోసినవాళ్ళవి కూడా వేశారు. నాది వెయ్యలేదు." పెద్దావిడ కాగితాన్ని మళ్ళీ మడిచింది. "పోనీలే, నా దారం ఉందిగా అనుకున్నాను. ఆ రహస్యం నీ ఒక్కదానికే చెప్పాను. నువ్వే దాన్ని పీకేశావు."

"అప్పుడే నాతో ఒక్క మాట అనొచ్చుగా అత్తయ్యా?"

"అన్నాను. నువ్వు మైనంలో కాలరు చెక్కుతుంటే వెనక నిలబడి, ఎర్రదారం మరిచిపోకు అన్నాను. చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని ఊఁ అన్నావు. నాకు ఇంట్లో అంతే వస్తుంది, ఒక ఊఁ. అక్కడ రాస్తే రెండు వందల మంది జవాబిచ్చారు. గారు అన్నారు నన్ను." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నిన్ను పడగొట్టాలని కాదు. ఒక్కసారి రాసి ఊరుకుందామనుకున్నా. నిన్న తల నిమిరినప్పుడు చెప్పేద్దామనే అనుకున్నా. నోరు రాలేదు. నేను చేసింది కూడా తప్పే."

కోడలు గడప మీద కూలబడింది. రాసేటప్పుడు మరిచిపోయానని అబద్ధం చెప్పేస్తే తేలికగా ఉండేది. చెప్పలేకపోయింది.

"నాకు గుర్తుంది అత్తయ్యా. ఆ కాగితం రాసేటప్పుడు కూడా గుర్తుంది. మా అత్తగారు కుట్టిందని రాస్తే, ఇంట్లోవాళ్ళ మాట పట్టుకుని చేస్తోందని చులకన చేస్తారనిపించింది. కుట్టుమనిషి అని రాసి చేతులు దులుపుకున్నాను."

ఇద్దరూ ఏడ్చారు. చాలాసేపు ఏడ్చారు. ఓదార్చడానికి వచ్చిన భర్తను మాత్రం ఇద్దరూ కలిసి కసిరారు.

కాసేపటికి కోడలు పనిగదిలోంచి తన దగ్గర ఉంచుకున్న సరంగును తెచ్చి మిషను మీద పెట్టింది. ఎర్రరంగు సీసా, సన్న కుంచె పక్కన పెట్టింది.

"రంగేంటి? దారమే కుట్టాలి," అంది అత్తగారు.

"ఇది గట్టి ప్లాస్టిక్కు అత్తయ్యా, సూది దిగదు."

"దిగేలా చెయ్యి. బొమ్మలమ్మవేగా?"

తన దగ్గరున్న అతి సన్నని డ్రిల్లుతో ఊపిరి బిగబట్టి నాలుగో బొత్తానికి రెండు బెజ్జాలు పెట్టింది కోడలు. అత్తగారు బీరువా అడుగునుంచి వెలిసిన బట్ట ఒకటి తీసింది. ఆ రోజు కట్టుకున్నదే. దాని అంచులోంచి లాగిన దారం సూదిలోకి ఎక్కడం లేదు. భర్త సంచీలోంచి షాపు భూతద్దం తీసి తల్లి చేతిలోని సూది మీద పట్టాడు. దారం ఎక్కింది, సూది బెజ్జంలోంచి అవతలికి వచ్చింది. ముడి పడింది.

మధ్యాహ్నం కోడలు కంపెనీకి ఫోను చేసింది. ప్రతి బొమ్మకీ నిజం దారమే ఉంటుందని, పీఠం కింద తన పేరు పక్కన ఇంకొక పేరు ఉంటుందని, అందుకు ఒప్పుకోకపోతే పని వేరేవాళ్ళకు ఇచ్చుకోవచ్చని చెప్పింది. అవతలివాళ్ళు కనుక్కుని చెబుతామన్నారు. చెప్పనీ అనుకుంది.

తర్వాత సైటు తెరిచి, మొదటిసారి తన సొంత పేరుతో రాసింది. 'ఎర్రదారం ఎవరి రహస్యమూ కాదు. తుఫాను సీను ఆగిపోకుండా మా అత్తగారు తన బట్ట అంచులోంచి లాగి కుట్టిన దారం అది. దాన్ని పొరపాటని రాసింది నేను. పొరపాటు నాది.'

పక్కగదిలో ఫోను టింగుమంది. మిషను ఆగింది. ఎంతకీ మళ్ళీ కదల్లేదు. కోడలు లేచి వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుండగా తన ఫోను మోగింది.

'కోటుకి ఇప్పుడు పదికి తొమ్మిది. కాలరు కింద రెండో కుట్టు ఇంకా పూడిపోయే ఉంది.'

ఎప్పుడూ కొలబద్ద అని ఉండేచోట ఈసారి ఆ పేరు లేదు. కుట్టుమనిషి అని ఉంది.

కోడలు కళ్ళు తుడుచుకుని, రంగు గీకే చాకు కోసం వెతుక్కుంది.