నాలుగో గదిలో ఊపిరి

"మిషను బాగానే ఉంది అత్తయ్యా. ఇంకో పదేళ్ళు లాగుతుంది," అన్నాడు అల్లుడు, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"ఆ లాగడమే నేను భరించలేకపోతున్నాను బాబూ," అంది ఆవిడ.

ఆపిల్ పళ్ళు నిలవచేసే కోల్డ్ స్టోరేజీ ఆవిడది. పళ్ళను గదుల్లో పేర్చి, తలుపులు బిగించి, లోపలి ఆక్సిజన్‌ను నైట్రోజన్‌తో తరిమేస్తే అవి నెలల తరబడి నిద్రపోయినట్టు పడుంటాయి. ఆ నైట్రోజన్‌ను మామూలు గాలిలోంచి విడదీసే మిషన్లు బిగించడమే అల్లుడి పని.

పాత మిషనుకు రెండు పొడవాటి ట్యాంకులు, వాటి నిండా బొగ్గు గుళికలు. ఒక ట్యాంకులోకి గాలిని అదిమి పంపితే గుళికలు ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి, నైట్రోజన్ ముందుకు పోతుంది. గుళికలు నిండగానే వాల్వు తిరిగి, ఆ ట్యాంకు పట్టుకున్నదంతా బయటికి కక్కేస్తుంది. హుష్... అప్పుడు రెండోది పని అందుకుంటుంది. కాసేపటికి మళ్ళీ హుష్...

నిరుడు మామగారు నాలుగో గదిలో పోయారు. లోపల గాలి ఉందో లేదో చూడకుండా అడుగుపెట్టారు, అంతే. అప్పటినుంచీ ఆ చప్పుడు ఆవిడకు ఆయన రొప్పుతున్నట్టే వినిపిస్తోంది.

"చప్పుడు లేని రకం ఉందన్నావు కదా?"

"ఉంది. వెంట్రుకల్లాంటి సన్నటి గొట్టాల కట్ట. గాలి వాటిలోంచి పోతుంటే ఆక్సిజన్ గోడల్లోంచి జారిపోతుంది, నైట్రోజన్ చివరికి చేరుతుంది. తిరిగే వాల్వుల్లేవు, రొదా లేదు. కాకపోతే ట్యాంకుల రకమిచ్చేంత స్వచ్ఛంగా రాదు, కరెంటూ కాస్త ఎక్కువే తింటుంది. మందుల కంపెనీకైతే వద్దనేవాణ్ణి. పళ్ళకు చాలు."

"అయితే అదే పెట్టు నాయనా. నీకు పుణ్యముంటుంది."

పెట్టాడు. పాతదాన్ని ఊడదీసి పెరట్లో పడేశాడు. నాలుగో గది నింపి, తలుపు బిగించి, కొత్త మిషను నడిపాడు. గోడమీటరులో ఆక్సిజన్ అడుగంటింది. ఆ మబ్బు మధ్యాహ్నం ఇద్దరూ కిటికీల్లేని నడవలో నిలబడ్డారు. తడి అట్టపెట్టెల వాసన. పళ్ళ తీపి వాసన. చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దం.

"హమ్మయ్య," అంది అత్తగారు.

హుష్...

తలుపు అవతలనుంచి.

అల్లుడు పరుగున వెళ్ళి మిషను ఆపేశాడు. చప్పుడు ఆగలేదు. ఈసారి దాని వెనకే సన్నగా ఒక మాట.

"తలుపు తియ్యవే... ఊపిరి ఆడటంలేదు..."

"విన్నావా బాబూ?" ఆవిడ తలుపుకు చెవి ఆనించింది.

"లేదత్తయ్యా," అని అబద్ధమాడాడు. "మీరిక్కడే ఉండండి. తలుపు ముట్టుకోకండి. ఫ్యాను వేసి లోపలికి గాలి పంపిస్తాను."

ఫ్యాను మీట నడవ చివర ఉంది. దాన్ని నొక్కి తిరిగేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అత్తగారు లేదు.

"అత్తయ్యా! బయటికి రండి!"

లోపల ఆవిడ చేతిలోని టార్చి వెలుగు పెట్టెల మధ్య కదిలింది. వంగింది. నేలమీద పడి ఆరిపోయింది.

అల్లుడు గుమ్మం దగ్గరికి పరుగెత్తి ఆగాడు. ఈ చావుకు వాసన ఉండదు, మంట ఉండదు, ఉక్కిరిబిక్కిరీ ఉండదు. రెండు ఊపిర్లకే మోకాళ్ళు మడతపడతాయి. కాపాడబోయినవాడు రెండో శవమవుతాడు. ఈ మాట వాడే ఎందరికో చెప్పాడు. అయినా గుండెల నిండా గాలి బిగబట్టి లోపలికి దూకాడు.

చీకటి. చల్లదనం. చేతికి పెట్టెలే తగిలాయి. ఛాతీ పగిలిపోతోంది. బయటికొచ్చి ఊపిరి పీల్చి మళ్ళీ దూకాడు. ఈసారి చీరకొంగు చేతికి చిక్కింది. లాగాడు. రాలేదు... అవతలనుంచి ఎవరో లాగుతున్నారు.

చెవిలో చల్లగా, ఎంతో ఆప్యాయంగా, మామగారి గొంతు.

"అల్లుడూ... ఒక్కసారి ఊపిరి తీసుకో..."

కొంగు వదిలేశాడు. ఎలా బయటపడ్డాడో తెలియదు. నడవలో బోర్లా పడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. భార్యకు ఏ మొహంతో చెప్పాలి? మీ అమ్మను నా చేతులతోనే వదిలేశానని?

చాలాసేపటికి తలమీద ఒక చెయ్యి పడింది.

"పద బాబూ, ఇంటికెళ్దాం."

అత్తగారు. కొంగు సర్దుకుంటూ నిలబడి ఉంది. అంతసేపు ఆ గదిలో పడున్న మనిషి బతకదని వాడికి తెలుసు. కానీ తెలిసినదాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. కాళ్ళమీద పడినంత పని చేశాడు.

"ఆస్పత్రికి వెళ్దాం అత్తయ్యా."

"ఎందుకూ? నాకేం, హాయిగా ఉంది."

ఇంటికొచ్చారు. జరిగింది విని భార్య చంకలోని పాపను ఉయ్యాల్లో వేసి, తల్లిని కావలించుకుని ఏడ్చింది, తరవాత టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. లైటరు టిక్కుటిక్కుమంటోంది.

"ఏమండీ, ఈ స్టవ్వేమిటో చూడండి. బాగానే వెలుగుతోంది. అమ్మ పక్కకొచ్చి నిలబడగానే మంట వాలిపోయి ఆరిపోయింది. రెండుసార్లు!"

వాడు లేచాడు. వంటింట్లో భార్య ఒక్కతే ఉంది.

"మీ అమ్మేది?"

"గదిలో. పాపను ఎత్తుకుంది."

"పాప ఏం చేస్తోంది?"

"విచిత్రమండీ," అంది భార్య నవ్వుతూ, "జోకొట్టనైనా లేదు. అలా ఒళ్ళోకి తీసుకుందో లేదో, ఇలా నిద్రపోయింది."