తొక్కని బ్రేకు

శంషాబాద్ బస్టాండు వెనక, రేకుల కప్పున్న ఒక పాత గోదాములో ప్రియదర్శిని సగం కారు పెట్టుకుంది. ఇంజను లేదు, చక్రాలు లేవు. రెండు సీట్లు, స్టీరింగు, పెడళ్లు, ఎదురుగా గోడంత తెర. తెర మీద తొండుపల్లి నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు సినిమాలా కదులుతుంది. మనిషికీ యంత్రానికీ ఎక్కడ పొత్తు కుదరదో కనిపెట్టడం ఇరవై ఏళ్లుగా ఆమె ఉద్యోగం. రెండువేల పన్నెండు ఆషాఢంలో చేతికొచ్చిన పని చిన్నదే. కొత్తగా పెట్టబోయే బోర్డులు డ్రైవర్ల కంట పడతాయా, లేదా?

బోర్డుల సంగతి తేలిపోయింది. తేలనిది ఇంకొకటి. బోర్డూ మలుపూ ఏమీ లేని ఒక ఖాళీ జాగాలో, వచ్చిన ప్రతి డ్రైవరూ బ్రేకు తొక్కుతున్నాడు.

"ఇక్కడ బ్రేకెందుకు, కుర్మయ్య గారూ?" అని అప్పుడే దిగిన డ్రైవరును అడిగింది.

"నేనేడ తొక్కిన మేడం? సాఫ్ రోడ్డాయె!"

కంప్యూటర్లో బ్రేకు గీత మాత్రం తొక్కాడనే అంటోంది. తలకు తెలియకముందే కాలికి తెలుస్తుందని ఆమె ఎన్ని సభల్లో చెప్పిందో లెక్కలేదు. కానీ దేన్ని చూసి?

ఆ మధ్యాహ్నం అందరికన్నా చివర సఖావత్ కూర్చున్నాడు. నాలుగేళ్లుగా ఆమెను ఇంటికీ పనికీ తిప్పే క్యాబు డ్రైవరు.

"జల్దీ కానియ్యండి మేడం. మా అలీజా బడి ఇడిచే టైమైతున్నది. జర లేటైనా గేటు కాడ నా ఇజ్జత్ తీస్తది."

"ముందు సీటు మహారాణి కదా."

"అవు మరి. ఏదో ఒకనాడు నన్నే ఎనక కూసోమంటది."

దీపాలార్పింది. రేకుల మీద వాన మొదలైంది. తెర మీద తడిలేని రోడ్డు నిశ్శబ్దంగా జరిగిపోతోంది. ఆ జాగా వచ్చింది.

సఖావత్ కాలు కదల్లేదు.

హమ్మయ్య, సరైనవాడు ఒక్కడైనా దొరికాడనుకుంది. అప్పుడే వాసన తగిలింది. వాన వాసన కాదు. తడిసి ఆరని జుట్టు వాసన...

డ్రైవరు ఎటు ఒరుగుతాడో తెలియడానికి రెండు సీట్ల కిందా బరువు చూపే పలకలు పెట్టించింది. కంప్యూటర్లో పక్క సీటు బరువు గీత పొద్దుటి నుంచీ అడుగునే పడి ఉంది. ఇప్పుడు లేచింది. ఆ జాగా దాటిన క్షణాన లేచింది. బడికి పోయే పిల్ల బరువంత.

"సఖావత్ భాయ్..." "పక్కన ఏమైనా పెట్టారా?"

"ఏం లేదు మేడం. ఖాళీ."

అతను దిగాడు. అతనితోపాటే బరువు గీత కూడా అడుగుకు పడిపోయింది. తీగ ఊడిందేమోనని చూసింది. గట్టిగానే ఉంది.

బయట సఖావత్ కారు హారను మోగింది. ఆటోలో పోవచ్చు. ఆమెకు ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఈ కారు ముందు సీట్లో ఇంకాసేపట్లో అలీజా కూర్చుంటుంది. ప్రియదర్శిని వెనక ఎక్కింది.

"భాయ్, ఇవ్వాళ పాపను నా పక్కన కూర్చోబెట్టండి."

"అది ఇంటదా మేడం? ముందు సీటు దాని జాగీరు." నవ్వుతూనే పక్కకు ఒరిగాడు. అవతలి బెల్టు లాగాడు. ఖాళీ సీటుకు అడ్డంగా తెచ్చి టక్కున తగిలించాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఏం జేసిన మేడం?"

చెయ్యి అప్పటికే గేరు మీద ఉంది.

బడి గేటు దగ్గర అలీజా తడుస్తూ ఉరికొచ్చి ముందు తలుపు పట్టుకుంది.

"ఎనక కూసో బేటా."

"క్యోం అబ్బా? ఎనక ఎందుకు?"

మేడం అడిగిన సంగతి గుర్తే లేదు; ఆ మాట ఎందుకన్నాడో తెలియక సఖావత్ తనే తెల్లబోయాడు.

అలీజా మూతి ముడుచుకుని ప్రియదర్శిని పక్కకు వచ్చింది. కారు కదిలింది. పిల్ల వెనకే ఉంది, అది చాలు. ముందుకు చూడకూడదనుకుంది ప్రియదర్శిని.

చూసింది.

ముందు సీటు బెల్టు సీటుకు ఆని లేదు. జానెడు ఎడంగా, లోపల ఒళ్లున్నట్టు గుండ్రంగా, బిగుతుగా నిలబడి ఉంది...

అలీజా తుమ్మింది.

బెల్టు మెల్లగా మెలి తిరిగింది. ముందు కూర్చున్న పిల్ల, వెనక ఎవరెక్కారా అని తిరిగి చూస్తే ఎలా తిరుగుతుందో, అలా.