ఒకేలా ఉన్న ఐదు కేబుళ్లు

సాయంత్రం 4:35. పార్కు బెంచీ మీద రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారి ఊపిరి ఆగిపోయింది. ఒళ్లో సంచి. సంచిలో, బయటికెళ్లినప్పుడు వాడే చిన్న ఆక్సిజన్ మెషీన్. బ్యాటరీ సున్నా.

మర్నాడు ఉదయం పదింటికి ఇన్‌స్పెక్టర్ మాస్టారి ఇంట్లో కూర్చున్నాడు. ఫిర్యాదు ఇచ్చింది ఆయన కూతురు. ఎవరి మీదంటే, మూడేళ్లుగా ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న నర్సు మీద.

"చార్జింగ్ పెట్టడం మర్చిపోయింది సార్. మా నాన్నని పొట్టన పెట్టుకుంది."

"ఎన్నింటికి పెట్టారమ్మా?" ఇన్‌స్పెక్టర్ నర్సును అడిగాడు.

"తొమ్మిదింటికి సార్. నాలుగింటిదాకా తియ్యలేదు. లైటు కూడా వెలుగుతూనే ఉంది." ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి. "బెంచీ దగ్గర అలారం మోగింది. అంబులెన్స్ వచ్చేసరికి..."

"అన్నీ అబద్ధాలు!"

"కాదు." ఇన్‌స్పెక్టర్ కాగితం మడత విప్పాడు. "మెషీన్ మెమరీ రిపోర్ట్. 9:04 నుంచి 4:02 దాకా ప్లగ్‌లోనే ఉంది. ఏడు గంటల్లో ఎక్కింది పదకొండు శాతం."

ఆ కాగితాన్ని కూతురి చేతికిచ్చాడు.

"ఇంట్లో ఉన్న చార్జింగ్ కేబుళ్లన్నీ తెండి."

ఐదు వచ్చాయి. ఐదూ నల్లవే. కొసలూ ఒకటే. దేని మీదా అక్షరం ముక్క లేదు.

"ఇందులో మెషీన్‌ది ఏది?"

ఎవరూ చెప్పలేకపోయారు.

ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటే కరెంటు కొలిచే చిన్న మీటరుకు తగిలించాడు. మాస్టారి మంచం పక్కది ఫోన్‌కు సరిపడా కరెంటే ఇస్తోంది. లైటు వెలుగుతుంది, బ్యాటరీ నిండదు. మెషీన్‌కు చాలినంత ఇచ్చింది ఒక్కటే.

"ఇదెక్కడిది?"

కూతురు దగ్గరికొచ్చి చూసింది. "నా లాప్‌టాప్ బ్యాగులోది."

"మీ చేతికెలా వచ్చింది?"

"నిన్న ఎనిమిదిన్నరకి... నా కేబుల్‌తో లాప్‌టాప్ ఎక్కట్లేదు. నాన్న గదిలోది పెడితే గబగబా ఎక్కింది. నాది అక్కడ పెట్టేశాను. రెండూ ఒకటే కదా అనుకున్నా సార్. నాన్నని అడిగే తీసుకున్నా. 'తీసుకో తల్లీ, ఏదైతే ఏముంది' అన్నాడు."

ఆమె నేల మీద కూలబడింది.

"ఫిర్యాదు మార్చి రాసుకోండి సార్. ఆవిడ పేరు కొట్టేసి నాది పెట్టండి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

నర్సు వచ్చి పక్కన కూర్చుంది. కూతురి తలను తన భుజానికి ఆనించుకుంది.

"ఊరుకో అమ్మా. మీ నాన్నగారు వింటే నన్ను కేకలేస్తారు, పిల్లని ఏడిపించావేంటని."