కమలాక్షి గోడ

పొద్దున కాఫీ తాగగానే కమలాక్షి మేడ మీద వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎదురుగా పాత నీళ్ళ ట్యాంకు గోడ. దాని మీద కూతురు స్ఫూర్తి తొమ్మిది రోజులు నిచ్చెన మీద నిలబడి వేసిన రంగులు. ఇంత ఎరుపు, దాన్ని ఒరుసుకుంటూ పసుపు, కింద నీలం. బొమ్మ లేదు, మొహం లేదు, రాత లేదు.

ఆ గోడంటే ఆమె భర్త సూర్యప్రకాశ్‌కు ఒళ్ళుమంట. రాయచూరులో ఇరవై ఏళ్ళుగా ఫ్లెక్సీ దుకాణం నడుపుతున్న మనిషి. ఎనిమిదేళ్ళు కూతురే డిజైన్లు చేసింది. ఫొటోల్లో పుట్టినరోజువాళ్ళ నలుపు తగ్గించడం, పోయినవాళ్ళకు పట్టుచీర కట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి పిల్ల ఆరు నెలల కింద కంప్యూటర్ ముందు నుంచి లేచి, ఇక మొహాలు చెయ్యను, గోడలకు రంగులేస్తానంది. మునిసిపాలిటీవాళ్ళు ఈ గోడ ఇచ్చారు. గిరాకీలు వచ్చి "మీ అమ్మాయి కుంచెలు తుడుచుకున్నదా?" అని నవ్విపోయారు.

ఆ రోజు ఆయన షష్టిపూర్తి. స్ఫూర్తి లేచి వరండాలోకి వచ్చేసరికి రంగులు లేవు. వాటి మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ. బంతిపూల దండలతో అమ్మా నాన్నా నవ్వుతున్నారు.

కిందికి పరుగెత్తింది. "నా రంగుల మీద మేకులు కొట్టిచ్చినవా నాన్నా?"

"కొట్టిచ్చిన. యరగేర నుంచి చుట్టాలొస్తున్నరు. ఆ గలీజు చూపియ్యాల్నా? రేపటి సంది దుకాణంల కూసుంటవా, పెట్టె సర్దుకుంటవా? ఇయ్యాల్నే చెప్పు."

"అమ్మ రోజూ ఆ గోడనే చూసుకుంట కూసుంటది. ఆమెనన్న అడిగినవా?"

"దానికేం తెలుసు, పొయ్యి ముందల ఉండేదానికి! సరే, రా. అడుగుదాం."

నిజానికి అడగడం ఆయన ఆనవాయితీ. ఏ ఫ్లెక్సీ అయినా ముందు భార్యకు చూపించి "ఎట్లుంది?" అంటాడు. ఆమె "బాగుంది" అన్నాకే అది గుమ్మం దాటుతుంది. ఈ ఒక్కదాన్నే, ఆమెను మురిపించాలని, చూపించకుండా కట్టించాడు.

ఇద్దరూ మేడెక్కి వరండాలోకి వచ్చారు. "కమలా, అటు చూడు. ఎట్లుంది?"

"బాగుంది" అంది కమలాక్షి వెంటనే. ఆ వెనకే, "పాపం, ఎవరు పోయిండ్రు?" అంది.

ఆయన నవ్వాడు. "పోవుడేంది? మంచిగ చూడు."

ఆమె కళ్ళు చికిలించింది. "దండలేసిండ్రు గద. ఇద్దరా? అయ్యో, జంటనే పోయిండ్రా?"

నవ్వు ఆగిపోయింది. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"చెప్పొద్దని అమ్మ ఒట్టేపిచ్చుకున్నది" అంది స్ఫూర్తి. "రెండేండ్లాయె. షుగర్ కండ్లను తినేసింది. డాక్టర్లు చేతులెత్తేసిండ్రు. మొహాలు కనపడయి నాన్నా, నీదిగూడ. పెద్ద పెద్ద రంగులే కనపడ్తయి. ఆమెకు ఎంత కనపడ్తదో అడిగి, అంతంత వేసిన."

"మరి రోజూ బాగుంది అంటుండె?"

"మీరు అడుగుతుంటిరి గద" అంది కమలాక్షి తలొంచుకుని. "కనపడదంటే మల్ల అడగరని."

రెండేళ్ళు! పక్కనే పడుకున్న మనిషికి తన మొహం కనపడటం లేదని తెలియని మొగుడు ఊళ్ళో అందరి మొహాలకూ మెరుగులు దిద్దించాడు. సూర్యప్రకాశ్‌ మెట్లు దిగి, రోడ్డు దాటి, దాన్ని కట్టిన పనివాడు భీమేశ్‌ను పిలవకుండా తన చేతులతోనే ఫ్లెక్సీని లాగిపారేశాడు. మేకులతో పాటు గచ్చు కూడా ఊడొచ్చింది. ఎరుపు నడుమ తలుపంత తెల్లటి మచ్చ పడింది.

చేతుల నిండా సున్నంతో పైకి వచ్చాడు. కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఏమండీ, నా గోడ ఎట్లుంది?" అంది కమలాక్షి. ఇన్నేళ్ళలో ఆమె ఆయనను ఆ మాట అడగడం ఇదే మొదలు.

ఆయన గోడను చూశాడు.

"బాగుంది."

"మరి నడుమల తెల్లగున్నదేంది?"

ఆయన కూతురి వైపు చూశాడు. ఉన్నమాట చెప్పే హక్కు స్ఫూర్తిది. తొమ్మిది రోజుల కష్టం అక్కడ పెచ్చులై పడి ఉంది. ఆమె తండ్రి చేతుల సున్నాన్ని చూసి, తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎండ పడ్డదమ్మా" అంది.