చోటే మియా చౌటుప్పల్ ప్రయాణం

తెల్లారేసరికి అచ్చంపేటలో చోటే మియా ఇంటి పెరట్లో పొయ్యి మీద జొన్న రొట్టె పొంగుతోంది. రొట్టెలు చేసేది కోడలు అజీజాయే అయినా, పక్కన పీట వేసుకుని మంట తగ్గించమనీ పెంచమనీ చెప్పేది మాత్రం మామగారే. మీసాలు మొలిచిన నాటి నుంచి ఊరూరా దావత్‌లకు వండిన మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరితే ముందు చోటే మియాకు వీలవుతుందో లేదో కనుక్కుని తరువాతే తేదీ పెట్టుకునేవారు. భార్య లాడ్లీ బేగం పోయి, మోకాళ్లు మొండికేశాక పెద్ద వంట గంజులు పక్కన పెట్టాడు గానీ, నోరు పక్కన పెట్టలేదు.

కొడుకు బషీర్ ముఖం కడుక్కుని వచ్చి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. సైకిల్ దుకాణం తెరిచే వేళవుతున్నా లేవడం లేదు.

"అబ్బా, ఖమర్ ఖబర్ పంపింది. శుక్రారం గౌసియా బిస్మిల్లా చేస్తున్నరంట. పిల్లకు చదువు మొదలుపెడ్తరు గద. అందర్ని రమ్మంది."

చోటే మియా పొయ్యి వైపు తిరిగాడు. "రొట్టె మాడుతాంది, తిప్పు బిడ్డా" అన్నాడు కోడలితో.

ఖమర్ ఆయన ఒక్కగానొక్క కూతురు. లారీ డ్రైవర్ అబ్దుల్ ఖాదర్‌కు ఇచ్చి చేస్తే చౌటుప్పల్‌లో కాపురం పెట్టింది. బిడ్డ పుట్టిన మరుసటి ఏడాది అక్కడి మందు గోలీల కంపెనీలో పనికి చేరింది. ఆ సంగతి తెలిసిన రోజే "నీ ఇంటి గడప తొక్కను" అని చోటే మియా తేల్చి చెప్పేశాడు. అల్లుడు పోషించలేక పంపుతున్నాడని నలుగురూ అనుకుంటారని ఆయన బాధ. అప్పటి నుంచి పండక్కి కూతురు పుట్టింటికి వచ్చినా, ఆమె తిరిగి బస్సెక్కే దాకా ఆయన మసీదు మెట్ల దగ్గరే పొద్దుపుచ్చేవాడు. మూడేళ్లుగా ఇదే తంతు.

అజీజా రొట్టె తిప్పి, కొంగుతో చెమట తుడుచుకుంటూ మెల్లగా అంది. "దావత్ చిన్నదేనంట అబ్బా. వంట గూడ ఇంట్ల గాదు. హోటల్‌కు చెప్పిండ్రంట."

"ఏందీ?"

"హోటల్‌కు."

చోటే మియా పీట మీద నుంచి లేచాడు. మోకాళ్ల నొప్పి గుర్తురాలేదు. "నా మనుమరాలి బిస్మిల్లాకు హోటల్ బువ్వనా? రంగు కలిపిన అన్నం తినవెడ్తరా? నేనింకా బతికే ఉన్న గదరా!"

"మరి నువ్వేమో గడప తొక్కనంటివి. అదెవర్ని అడగాలె?" అన్నాడు బషీర్, నవ్వు కనబడకుండా తల వంచుకుని.

ఆయన పెరట్లో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. "నేనేం దావత్‌కు పోతలేను. నీకు దుకాణముండె. ఇద్దరు చిన్న పిల్లల్ని ఏసుకొని గీ పిల్ల ఒక్కతే అంత దూరం ఎట్ల పోతది? దిగబెట్టి వస్త. గంతే."

"గంతే అబ్బా" అంది అజీజా బుద్ధిగా.

దిగబెట్టి రావడానికే అయితే ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ ఎందుకో, సంచిలో షాజీరా, దాల్చిన చెక్క పొట్లాలు ఎందుకో ఆమె అడగలేదు.

మర్నాడు బస్సెక్కిన కాసేపటికే లాల్చీ పని అయిపోయింది. మూడేళ్ల జానీ కిటికీ పక్కన కూర్చుంటానని ఏడ్చి, కూర్చున్నాక కళ్లు తిరుగుతున్నాయని తాత ఒళ్లోకి దూకి, తాగిన పాలన్నీ ఆయన మీదే కక్కేశాడు. అజీజా కంగారుగా కొంగు తీసేలోపు ఆయనే నీళ్లతో తుడుచుకుంటూ, "పోనీలే. లోపలున్నది బయటికి వచ్చింది, ఇగ ఆకలైతది" అన్నాడు. ఐదేళ్ల నూరి మాత్రం బస్సు ఆగిన ప్రతి చోటా "దాదా, ఫుప్పు ఇల్లు వచ్చిందా?" అని మేనత్త ఇంటి కోసం అడుగుతూనే ఉంది. ఆమనగల్లులో కాదన్నాడు, కడ్తాలలో కాదన్నాడు, చివరికి విసిగి, "మీ ఫుప్పు ఇల్లు వస్తే బస్సే చెప్తది" అన్నాడు. అప్పటి నుంచి నూరి కిటికీ చట్రానికి చెవి ఆనించి కూర్చుంది.

ఆకలి వేళకు సంచి విప్పారు. నెయ్యి రాసి, నువ్వుల పొడి చల్లి చుట్టిన జొన్న రొట్టెలు. జానీ మూతి బిగించాడు. వాడికి అన్నం తినిపించడమంటే ఇంట్లో రోజూ ఒక యుద్ధం. చోటే మియా రొట్టెను చిన్న ముక్కలు చేసి ఒకటి వాడి అరచేతిలో పెట్టాడు.

"ఇది నీ టికెట్. మింగనోళ్లను కండక్టర్ దించేస్తడు."

వెనక నిలబడ్డ కండక్టర్ ఆ మాట విన్నాడు. గొంతు పెద్దది చేసి, "ఏ పిలగా, టికెట్ మింగినవా లేదా?" అన్నాడు. జానీ హడలిపోయి ముక్క నోట్లో వేసుకున్నాడు. తరువాత ఇంకోటి. చూస్తుండగానే రొట్టె అయిపోయింది. "దాదా, వాపస్ వచ్చేటప్పటి టికెట్ గూడ ఇయ్యి" అన్నాడు. ముందు సీటు వాళ్లు ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో మిగిలిన రొట్టెలు సగం బస్సుకు పంచేశాడు చోటే మియా. తిన్నవాళ్లు పొడి ఎలా చేశారని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది.

హైదరాబాద్‌లో బస్సు మారి చౌటుప్పల్ చేరేసరికి ఖమర్ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి పుష్పమ్మ తాళం చెవి తెచ్చింది. ఆమె వెనకాలే రెండు జడల గౌసియా, చేతిలో చాయ్‌లో ముంచిన బన్నుతో వచ్చి నిలబడింది.

"ఖమర్ షిఫ్టుకు పోయింది. జర సేపట్ల వస్తది" అంది పుష్పమ్మ. "పిల్లకు పొద్దుగాల అన్నం వండి పెట్టే పోయిందన్నా. ఇదే తినలేదు. బన్నే కావాలంటది."

చోటే మియా చివరి మాటలు వినలేదు. ఆయన చూపంతా ఆ బన్ను మీదే ఉంది. అజీజా పిల్లలను లోపలికి తీసుకెళ్లింది. ఆయన మాత్రం గడప దాటకుండా బయట అరుగు మీదే కూర్చున్నాడు.

ఎండ కాస్త తగ్గాక ఖమర్ వచ్చింది. చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా, బట్టలకు మందుల వాసన. అరుగు మీద తండ్రిని చూసి ఆగిపోయింది.

"సలాం అబ్బా. మంచిగున్నవా? లోపటికి రా."

ఆయన సలాం అందుకోలేదు. "చోటే మియా మనుమరాలు పగటికి చాయ్‌ల బన్ను తింటాంది. గిదేనా నీ సంసారం? గిందుకేనా పనికి పోయేది?"

ఖమర్ ముఖం ఎర్రబడింది. గుమ్మంలోకి వచ్చిన అజీజా వద్దన్నట్టు తల ఊపింది గానీ, మూడేళ్లుగా దాచుకున్న మాట ఆగలేదు.

"అబ్బా, నువ్వు దావత్‌ల నుంచి ఇంటికొస్తే అమ్మీ కాళ్లకు నీళ్లిచ్చేది. పొగల నిలబడి వచ్చిండని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. వేడి వేడి రొట్టె నీ ముంగట పెట్టేది. నిన్నెవరన్న అడిగిండ్రా, పనికెందుకు పోయినవని? నేను గూడ పొద్దుందాక నిలబడే వస్తున్న. నాకు గోలీలు పట్టీలల్ల పెట్టే పని. మంచిగ చేస్తనని పేరున్నది. గాని ఇంటికొస్తే నా ముంగట గిలాసెడు నీళ్లు పెట్టేటోళ్లు లేరు. నేనే పొయ్యి ముట్టియ్యాలె. మూడేండ్లకు వచ్చి నువ్వు అడిగింది బన్ను సంగతా? నేను తిన్ననో లేదో అడగబుద్ధి కాలేదా?"

అనేసి ఇక నిలబడలేక లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి కత్తిపీట శబ్దం వినిపించింది. వచ్చినవాళ్లకు వంట మొదలుపెట్టింది.

అరుగు మీద చోటే మియాకు లాడ్లీ బేగం గుర్తొచ్చింది. పందిట్లో వందల మందిని పేరుపేరునా "తిన్నరా? కడుపు నిండిందా?" అని అడిగి వచ్చేవాడు. ఇంటికొచ్చి తను తిని పడుకునేవాడు. లాడ్లీ తిన్నదా లేదా అని ఒక్కసారైనా అడిగాడా? ఎంత వెతికినా గుర్తు రాలేదు. అడిగి ఉంటే కదా గుర్తు రావడానికి.

గౌసియా వచ్చి ఆయన మోకాలు పట్టుకుంది. "నువ్వు మా నానావా?"

"అవును బిడ్డా. మీ అమ్మీకి అబ్బాను."

"అమ్మీ ఏడుస్తాంది. ఉల్లిగడ్డ ఘాటంట. గాని ఉల్లిగడ్డ ఇంక కొయ్యనే లేదు."

ఆయన లేచాడు. చెప్పులు విడిచి, గడప దాటి, తిన్నగా వంట గదిలోకి వెళ్లాడు. కూతురి పక్కన నిలబడి, "లే. జరుగు" అన్నాడు.

"నేను చేస్త, నువ్వు కూసో అబ్బా."

"పొద్దుందాక నిలబడ్డవంటివి గద. ఇప్పుడు నువ్వు కూసో." ఆయన గిలాసులో నీళ్లు ముంచి ఆమె చేతికిచ్చాడు. "పొద్దుగాల తిన్నవా బిడ్డా?"

ఖమర్ నీళ్లు తాగబోయి తాగలేకపోయింది. తండ్రి భుజానికి తల ఆనించి పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఒక చేత్తో ఉల్లిగడ్డ పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె తల నిమురుతూ, "ఊకో, ఊకో. మీ అమ్మీని గూడ అడగలేదు బిడ్డా నేను. పొరపాటైంది" అన్నాడు.

ఆ సాయంత్రం కోడిగుడ్ల పులుసు పెట్టి, వేడన్నంతో పళ్లెం తెచ్చి ముందు ఖమర్ ఎదురుగా పెట్టాడు. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె ఒక ముద్ద తిని, కాసేపాగి, "అబ్బా, ఉప్పు తక్కువైంది" అంది.

అజీజా గబుక్కున ఉప్పు డబ్బా అందుకుంది. మామగారి వంటకు వంక పెట్టిన మనిషి అచ్చంపేటలో లేడు. చోటే మియా గరిటెతో పులుసు అరచేతిలో వేసుకుని రుచి చూశాడు.

"తక్కువే అయింది" అని పకపకా నవ్వాడు. "కండ్లకు నీళ్లొచ్చి సరిగ్గ కనబడలేదు."

చీకటి పడుతుండగా లారీ దిగి వచ్చిన అబ్దుల్ ఖాదర్ వంట గదిలో మామను చూసి గుమ్మం దగ్గరే కళ్లు నులుముకున్నాడు. సలాం చేయడం అయ్యీ కాకముందే మామ అతన్ని వెనక్కి తోలాడు. "పో, హోటలాయనకు వద్దని చెప్పి రా. వచ్చేటప్పుడు పెద్ద గంజు కిరాయికి తే."

శుక్రవారం పొద్దున్నే బషీర్ కూడా దిగాడు. వాకిట్లో రాళ్ల పొయ్యి మీద బగారా అన్నం, పక్కన పప్పులో సొరకాయ వేసి వండిన దాల్చా. పుదీనా వాసనకు వీధిలో పోయేవాళ్లు మెడలు తిప్పారు. చోటే మియా కుర్చీలో కూర్చుని మంట పెంచమనీ తగ్గించమనీ అరుస్తుంటే కొడుకూ అల్లుడూ కట్టెలు ఎగదోస్తూ దగ్గుతున్నారు. అజీజా, పుష్పమ్మ పిల్లలకు జడలు వేస్తూ వాళ్ల అవస్థ చూసి నవ్వుతున్నారు. గౌసియా మెరుపుల గౌను వేసుకుని, చెప్పిన అక్షరాలన్నీ గట్టిగా అరిచి, ఆ ఊపులోనే నానా ఒళ్లో కూర్చుని పళ్లెం ఖాళీ చేసింది. జానీ పక్కన చేరి "నాకు గూడ టికెట్" అని నోరు తెరిచాడు.

ఖమర్‌తో పని చేసే ఆడవాళ్లు షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. వాళ్లను చూడగానే చోటే మియా కుర్చీలోంచి లేచాడు. "మీరు కూసోండ్రి బిడ్డా. అలసి వచ్చిండ్రు" అని తనే స్వయంగా వడ్డించాడు. వాళ్లలో ఒకామె రెండోసారి దాల్చా పోయించుకుంటూ, "గింత మంచి వంట ఎవరు చేసిండ్రు ఖమరక్కా?" అని అడిగింది.

"మా అబ్బా" అంది ఖమర్. ఆ రెండు మాటలూ ఆమె అంత గట్టిగా చెప్పడం అజీజా ఎప్పుడూ వినలేదు.

దావత్ ముగిసి, అరుగు మీద చాయ్ తాగుతుండగా బషీర్ రేపటి పొద్దుటి బస్సు సంగతి ఎత్తాడు. చోటే మియా విననట్టే కూతురి వైపు తిరిగాడు.

"రేపు నీకు ఏ షిఫ్టు?"

"పొద్దుగాలదే అబ్బా. ఎందుకు?"

"ఊకనే" అన్నాడాయన. గిలాసు కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేస్తూ అడిగాడు.

"డబ్బాల ఏం పెట్టాలె?"