గీరిన చోటే విరిగింది

పావని ల్యాబ్ నేల మీద పడి ఉంది. కుడిచేయి మోచేతిదాకా కాలింది. చుట్టూ ఫ్లాస్కు ముక్కలు. పక్కన విరిగిన స్టాండు.

హిందూపురం శివార్లలోని ఆ చిన్న రీసెర్చ్ ల్యాబ్‌కు ఎస్సై యశోద చేరేసరికి అంబులెన్స్ పావనిని తీసుకెళ్లిపోయింది.

"యాక్సిడెంట్ మేడమ్," అన్నాడు డైరెక్టర్ ఓబుళప్ప. "గాలియం, అయోడిన్ కలిపి కొత్త రియేజెంట్ చేస్తా ఉండె. స్టాండు విరిగి మరిగే సాల్వెంట్ చేతిమీద పడింది."

యశోద గ్లవ్స్ వేసుకుని స్టాండు తాలూకు అల్యూమినియం రాడ్డు తీసింది. విరిగిన చోట నొక్కితే నానిన బిస్కెట్టులా రాలింది.

"ఇంత లావు రాడ్డు ఇట్లా అవుతుందా?"

"గాలియం పడితే అవుతుంది," అన్నాడు సీనియర్ కెమిస్ట్ లక్ష్మీకాంత్. "అరచేతి వేడికే కరిగే లోహం. అల్యూమినియం లోపలికి దూరి గుల్ల చేస్తుంది. పావనే ఒలకబోసుకొని ఉంటాది. ఆ పాపకు జాగ్రత్త తక్కువ."

'ఆ పాప' అన్నప్పుడు అతని మాటలో ఓ చేదు తగిలింది. యశోదకు ఆ చేదు తెలుసు. తన బ్యాచ్‌మేట్‌కు ధర్మవరంలో సీఐ పోస్టు వచ్చిందని విన్న రోజు నవ్వుతూ అభినందించింది. ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు.

"ఈ పని మొదట ఎవరిది?"

మూడో కెమిస్ట్ ఉదయ్ కుమార్ నేలచూపులు చూశాడు. "లక్ష్మీకాంత్ అన్న పనే. ఏండ్ల తరబడి కిందామీదా పడినాడు. పావని వచ్చి ఆరు నెలల్లో సాధించింది."

మధ్యాహ్నం లక్ష్మీకాంత్ ప్లాస్టిక్ కవర్లోంచి రాగి సంగటి తింటున్నాడు. యశోద చూసింది. మిగతా ఇద్దరి ముందు అన్నం డబ్బాలున్నాయి.

"కొత్త రాడ్డు మీద గాలియం వెయ్యండి," అని ఉదయ్‌కు చెప్పింది.

అతను సీసాను గుప్పిట్లో పట్టుకున్నాడు. లోపలి గడ్డ కరిగి పాదరసంలా మెరిసింది. చుక్క వేశాడు. గంటలు గడిచాయి. రాడ్డు చెక్కుచెదరలేదు.

"గాలి తగిలితే అల్యూమినియం మీద సన్నని పొర కడుతుంది మేడమ్. దాన్ని గీరి, వెంటనే గాలియం రుద్దాల. అప్పుడే లోపలికి పోతుంది," అన్నాడు ఉదయ్.

యశోద విరిగిన రాడ్డును లెన్స్ కింద పెట్టింది. గోడవైపు ఉన్న భాగంలో సన్నని గీతలు.

సాయంత్రం పెనుకొండ. లక్ష్మీకాంత్ భార్య నాగలక్ష్మి తలుపు తీసింది.

"మీ ఆయన అన్నం డబ్బా యాడమ్మా?"

"అదేందో మేడమ్, రాత్రి తోమబోతే అడుగు చేతిలోనే పొడైపోయినాది! గట్టి సిల్వర్ డబ్బా. ఏమైంది అంటే ఆ మనిషి నోరెత్తలేదు. పాతసామాన్లకు వేద్దామని ఈడే పెట్టినా."

మర్నాడు ల్యాబ్‌లో అందరినీ కూర్చోబెట్టింది యశోద. టేబుల్ మీద రాడ్డు, పక్కన ఆ అల్యూమినియం డబ్బా.

"ఒలికిన గాలియంతో రాడ్డు విరగదు లక్ష్మీకాంత్ గారూ. మీరు గోడవైపు గరుకు కాగితంతో గీరి పూశారు. ఆ కాగితం, తుడిచిన గుడ్డ ఎవరి కంటా పడకుండా డబ్బాలో పెట్టుకుని బస్సెక్కారు. దారంతా కుదుపులకు కాగితం డబ్బాను గీరుతూనే ఉంది, గుడ్డ గాలియం పూస్తూనే ఉంది. గరుకు కాగితం రేణువులు ఇంకా అడుగున ఉన్నాయి."

లక్ష్మీకాంత్ చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"ఆ పాపకు దెబ్బ తగలాలని కాదు మేడమ్. ఫ్లాస్కు ఒకటి పోతే చాలనుకున్నా. అందరూ పావని, పావని అంటాంటే కడుపు రగిలిపోయేది."

"ఏమబ్బా," అన్నాడు ఓబుళప్ప. "నువ్వు ఫెయిలైన ప్రయోగాలన్నీ ముందేసుకునే ఆ బిడ్డ సాధించింది. పేటెంటులో నీ పేరు ముందు పెట్టమని నాతో కొట్లాడింది."

"ఎప్పుడు సార్?"

"మొన్న."

లక్ష్మీకాంత్ టేబుల్ మీది రాడ్డు వైపు చూశాడు.

"ఆ చెయ్యి బాగవుతుందా?" అని అడిగాడు.

యశోద అతన్ని జీపు వైపు నడిపించింది.